బానెట్ కింద పెద్దమనుషులు

ఆ ఉదయం ఫిజియోథెరపిస్టు వేసుకున్న పథకంలో వంకపెట్టడానికేమీ లేదు. ఎనిమిదింటికల్లా వంటింటి పని తెముల్చుకోవాలి, వీధి చివరిదాకా ఓసారి కారు నడిపి చెయ్యి కుదుర్చుకోవాలి, పదింటికి డ్రైవింగ్ పరీక్షకు వెళ్లాలి, పాసవ్వాలి, పన్నెండు లోపు ఆ లైసెన్సు పట్టుకెళ్లి క్లినిక్‌లో చూపించాలి. ఈ పథకంలో మొగుడి సిద్ధాంతాలకు గానీ, బావగారి అనుభవానికి గానీ, మెకానిక్ హస్తవాసికి గానీ ఆవిడ ఎక్కడా చోటు వదల్లేదు. వాళ్లు చోటు అడిగి వచ్చే మనుషులు కారని పాపం ఆవిడకు అప్పటికి తోచలేదు.

వీధిలో ఆవిణ్ని అందరూ కాళ్ల డాక్టరమ్మ అంటారు. పక్షవాతం వచ్చినవాళ్లనూ, మోకాళ్లు మార్పించుకున్నవాళ్లనూ మళ్లీ నడిపించడం ఆవిడ పని. క్లినిక్‌లో కిటికీ కూడా లేని సెల్లారు గదిలో ఏళ్ల తరబడి “ఎత్తండి, దించండి” అంటూ గడిపేసింది. ఇన్నాళ్లకు ఒక మంచి ఉద్యోగం ఖాళీ అయింది. మెట్లు దిగలేని రోగుల ఇళ్లకు వెళ్లి వైద్యం చేసి రావడం. వెలుతురు మొహం చూడొచ్చు, తన పని తన ఇష్టప్రకారం చేసుకోవచ్చు. ఆ ఉద్యోగం మీద ఆవిడ ప్రాణాలన్నీ పెట్టుకుంది. కాకపోతే సొంతంగా కారు నడిపేవాళ్లకే ఇస్తానని ఇన్‌చార్జి మేడం తెగేసి చెప్పింది. ఈ రోజు మధ్యాహ్నం పన్నెండు దాటితే అది జూనియర్ కుర్రాడికి పోతుంది. వాడికి లైసెన్సు ఉంది. మోకాలికీ మడమకూ తేడా తెలియడమే ఇంకా మిగిలింది.

కారు సంగతికొస్తే, అది వాళ్ల పెళ్లికన్నా పాతదైన డీజిలు బండి. పరుగు బాగానే తీస్తుంది. చిక్కల్లా తగ్గించినప్పుడే. మలుపు దగ్గర, స్పీడ్ బ్రేకర్ దగ్గర, ఎవరైనా అడ్డొచ్చినప్పుడు, బ్రేకు మీద కాలు పెట్టి క్లచ్ నొక్కగానే ఇంజిన్ గజగజా వణికి, ఒక దగ్గు దగ్గి చచ్చూరుకుంటుంది. పరీక్ష పెట్టే బ్రేక్ ఇన్‌స్పెక్టరుకేమో ఒకటే సూత్రం. పక్క సీట్లో కూర్చుని పేపరు తెరిచాడంటే మళ్లీ తలెత్తడు, చెవి మాత్రం ఇంజిన్ మీద ఉంటుంది. ఇంజిన్ ఆగిందా, ఫెయిలు. పేపరు మడవకుండానే దిగిపొమ్మంటాడు.

అనుకున్నట్టే ఆ ఉదయం మొదటి స్పీడ్ బ్రేకర్ దగ్గరే కారు చచ్చింది.

“కాలు!” అన్నాడు పక్కన కూర్చున్న మొగుడు.

మొగుడు కాలేజీలో లెక్కలు చెబుతాడు. పాఠం చెప్పేటప్పుడు జవాబు ముందే తెలిసి ఉంటుంది గనక, లోకంలో ప్రతిదానికీ అలాగే జవాబు ముందు చెప్పేసి ప్రశ్న తర్వాత వింటాడు. ఈ కారు విషయంలో ఆయన తేల్చిన జవాబు భార్య ఎడమకాలు. క్లచ్ మీద ఆ కాలికి స్వాధీనం లేదట. ఊళ్లో కాళ్లన్నీ సరిచేసే మనిషికి సొంత కాలు సరిగ్గా లేదని చెప్పడానికి చాలా గుండెధైర్యం కావాలి. అది ఆయనకు దండిగా ఉంది.

“నా కాలికేమైందండీ? తగ్గించినప్పుడల్లా దానంతటదే ఆగిపోతుంటే!”

“ఏదీ దానంతటది ఆగదు. నొక్కడం చాతకాక ఆగుతుంది. నువ్వు ఇటు రా, నేను చూపిస్తా.”

చూపించాడు. వీధి చివరిదాకా వెళ్లి తిరిగొస్తూ, అదే స్పీడ్ బ్రేకర్ దగ్గర, అదే దగ్గు దగ్గించి, అచ్చం అలాగే చంపాడు. డాక్టరమ్మ నవ్వు బయటికి రాకుండా పెదవి బిగబట్టి కిటికీలోంచి అవతలికి చూసింది.

“చూశావా?” అన్నాడు మొగుడు ఏమాత్రం తొణక్కుండా. “నీతో తిరిగి తిరిగి దానికి ఇదే అలవాటైపోయింది.”

సరిగ్గా అప్పుడే గేటు దగ్గర బావగారు దిగబడ్డారు. మొగుడికి స్వయానా అన్నగారు. ఫంక్షన్లకు జనరేటర్లు అద్దెకిస్తారు. డీజిలు తాగే ప్రతి వస్తువూ తన చేతుల్లో పెరిగిందేనని ఆయన నమ్మకం. ఆయన జనరేటర్లు పెట్టిన చోటు నుంచి అంగుళం కదిలి ఎరగవు, మలుపు తిరిగి ఎరగవు, ఎవరికోసమూ వేగం తగ్గించి ఎరగవు. అయినా కారెందుకు ఆగుతోందో చెప్పడానికి ఆ అనుభవం చాలని ఆయన తీర్మానించుకున్నారు. పోయిన నెల ఈ కారును తీసుకెళ్లి వారం వాడుకుని తెచ్చిచ్చింది కూడా ఆయనే. ఈ దగ్గు ఆ తర్వాతే మొదలైందని డాక్టరమ్మకు తెలుసు. కానీ బావగారి మొహం మీద అలాంటి మాట అనడం ఆ ఇంట్లో కుదిరే పని కాదు. ఆయన తప్పు చెబితే వినాలి, మరీ తప్పు చెబితే తలూపాలి.

ఆయన బానెట్ తెరిపించి, ఇంజిన్ స్టార్ట్ చేయించి, చెవి ఒగ్గి కళ్లు మూసుకున్నారు.

“గాలి పట్టింది,” అన్నారు. “డీజిలు పైపులో గాలి చేరింది. మా పెద్ద జనరేటర్‌కి కూడా అచ్చం ఇంతే.”

“అదీ ఇలాగే మధ్యలో ఆగిపోయేదా అన్నయ్యా?”

“లేదురా. అసలు స్టార్టే అయ్యేది కాదు.”

ఈ రెండింటికీ తేడా ఉందని అన్నదమ్ముల్లో ఒక్కరికీ అనిపించలేదు. బావగారు ఫిల్టర్ మీదున్న చేతిపంపు నొక్కి నొక్కి గాలి తీశారు. గాలి ఎంత వచ్చిందో తెలియదు గానీ, డీజిలు మాత్రం ఆయన చొక్కా మీదికి, మొగుడి చెప్పుల మీదికి, గేటు పక్కన ఆరేసిన దుప్పటి మీదికి ధారాళంగా వచ్చింది. మళ్లీ నడిపి చూశారు. స్పీడ్ బ్రేకర్ దగ్గర మళ్లీ దగ్గి చచ్చింది. “ఇంకా కాస్త గాలి మిగిలిందిరా,” అన్నారు బావగారు, అదే దుప్పటితో చేతులు తుడుచుకుంటూ.

అన్నగారిని కాదనలేక, తన కాలి సిద్ధాంతాన్నీ వదులుకోలేక మొగుడు ఫోన్ చేసి మెకానిక్‌ను పిలిపించాడు. మెకానిక్ హెల్మెట్ కూడా తియ్యకుండా బానెట్ మీద చెయ్యి వేసి, జ్వరం చూసినట్టు చూసి, పెదవి విరిచాడు.

“పంపు పోయింది సార్.”

“తెరవకుండానే తెలిసిపోయిందా?” అంది డాక్టరమ్మ.

“తెరిచి చూసి ఎవరైనా చెప్తారు మేడం.”

డీజిలు పంపు దింపాలట. పెద్ద వర్క్‌షాపుకు పంపాలట. వారం పడుతుందట. ఈలోగా మేడం పరీక్ష వాయిదా వేసుకుంటే సరిపోతుందట. పక్కింటివాళ్ల పెట్రోలు స్కూటర్ మొరాయించినప్పుడు కూడా ఇతగాడు పంపే పోయిందన్నాడని డాక్టరమ్మకు గుర్తొచ్చింది.

గడియారం చూస్తే తొమ్మిది దాటింది. కిటికీ లేని ఆ గది కళ్ల ముందు కదిలింది. ఆ గదిలోనే రిటైరవుతున్నట్టు, మోకాలంటే ఏమిటో తెలియని కుర్రాడు తన రోగుల ఇళ్లకు కారేసుకుని తిరుగుతున్నట్టు కనిపించి ఆవిడకు ఒళ్లు మండింది. మర్యాదను కాస్త పక్కన పెట్టి నోరు విప్పింది.

“బావగారూ, నాదొక చిన్న అనుమానమండీ. ఇది పరిగెత్తేటప్పుడు బాగానే ఉంది, ఆగబోయేటప్పుడే పడిపోతోంది. మా పేషెంట్లలోనూ కొందరు ఇంతే. నడుస్తున్నంతసేపూ బాగుంటారు, నడక తగ్గించగానే కూలబడతారు. వాళ్లకు నిలబడే బలం చాలదన్నమాట. ఊరికే నిలబెట్టినప్పుడు కూడా ఈ ఇంజిన్ ఎలా వణుకుతోందో చూడండి. దీని ఐడ్లింగ్, అదేనండీ ఊరికే నిలబడ్డప్పుడు ఇంజిన్ తిరిగే వేగం, బాగా పడిపోయిందేమో! పంపు పక్కన దానికో బోల్టు ఉంటుందట, వీడియోలో చూశా. అది కాస్త తిప్పి పెంచితే?”

ముగ్గురూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. పొద్దుటి నుంచీ కుదరని ఏకాభిప్రాయం ఒక్క క్షణంలో కుదిరింది.

“ఐడ్లింగా!” బావగారు పొట్ట పట్టుకుని నవ్వారు. “నిలబడే బలమేంటి అమ్మాయ్, అదేమన్నా ముసలమ్మా?”

“వీడియోలు చూసి బండ్లు బాగైపోతే మేమంతా ఇంట్లో కూర్చోవాలి మేడం.”

“కాలు చూసుకోవే తల్లీ అంటే బోల్టు అంటుంది!” అన్నాడు మొగుడు.

నవ్వి నవ్వి అలసిపోయిన పెద్దమనుషులు టీ తాగడానికి లోపలికి నడిచారు. ఆ టీ కూడా డాక్టరమ్మే పెట్టింది. వాళ్లు గ్లాసులు చేతపట్టుకుని గాలి ఎక్కువా పంపు ఎక్కువా అని తగువులాడుకుంటుండగా, ఆవిడ తన సంచీలోంచి వాకర్ల ఎత్తు సరిచేసే చిన్న పానా తీసుకుని బయటికి వచ్చింది. బానెట్ ఎత్తి, ఆ బోల్టును వెతికి పట్టుకుని, అర చుట్టు తిప్పింది. చప్పుడుకు బయటికొస్తారని ఇంజిన్ స్టార్ట్ చెయ్యలేదు. ఎవరో వస్తున్న అలికిడికి కంగారుపడి, పానా బ్యాటరీ మీదే మర్చిపోయి, బట్టలు మార్చుకోవడానికి మేడ మీదికి పోయింది.

జుట్టు దువ్వుకుంటూ కిటికీలోంచి చూస్తే, బావగారు ఒంటరిగా బానెట్ కింద తల దూర్చి కనిపించారు. మధ్యమధ్య తల తిప్పి గుమ్మం వైపు దొంగచూపులు చూస్తున్నారు. మిగిలిన గాలి తీస్తున్నారు కాబోలు అనుకుంది. వాచీ పెట్టుకుంటూ చూస్తే అదే చోట మొగుడి వీపు. పెళ్లయ్యాక ఆయన బానెట్ కింద తల పెట్టడం ఆవిడ చూసింది అదే మొదలు. మెట్లు దిగుతూ చూస్తే మెకానిక్. అతగాడు దొంగచూపులేమీ చూడలేదు. వృత్తిలో ఆరితేరినవాడు గనక ఈల వేస్తున్నాడు.

జరిగిందేమిటో ఆవిడకు తర్వాత తెలిసింది. టీ సగంలో ఉండగా ముగ్గురికీ విడివిడిగా ఒకే పురుగు తొలిచింది. ఆ అమ్మాయి మాట నిజమైతే? నిజమే అయితే, ఆ బోల్టు చాటుగా తిప్పేస్తే కారు ఆగదు. కారు ఆగకపోతే మాట నెగ్గేది తనదే. గాలి తీసినందుకే బాగైందని బావగారు చెప్పుకోవచ్చు, కాలు కుదిరిందని మొగుడు చెప్పుకోవచ్చు, పంపును బతికించానని మెకానిక్ చెప్పుకోవచ్చు. బ్యాటరీ మీద పానా కూడా రెడీగా దొరికింది. నవ్వులపాలు చేసిన ఆ బోల్టునే ఒకరికి తెలియకుండా ఒకరు కసిదీరా తిప్పి, ఏమీ ఎరగనట్టు వచ్చి నిలబడ్డారు.

డాక్టరమ్మ వచ్చి తాళం తిప్పింది. కారు గావుకేక పెట్టింది. గోడ మీది పిల్లి ఎటు దూకాలో తోచక వంటింట్లోకి దూకింది. నలుగురూ గతుక్కుమన్నారు. ఎవరూ ఎవరి మొహంలోకీ చూడలేదు.

“గాలి వదిలాక చూశావుట్రా ఎలా ఊపిరి పీలుస్తోందో!” అన్నారు బావగారు ముందుగా తేరుకుని.

“పంపుకి చిన్న చిట్కా చేశా సార్, ఈ పూటకి,” అన్నాడు మెకానిక్.

“కాలు జాగ్రత్త, అంతే,” అన్నాడు మొగుడు.

అర చుట్టుకే ఇన్ని రంకెలేమిటని డాక్టరమ్మ బిత్తరపోయింది. నేనే తిప్పానంటే ముగ్గురూ కలిసి ఏకిపారేస్తారు. అవతల ముగ్గురిదీ అదే భయం. ఇప్పుడు బానెట్ ఎత్తి తగ్గిద్దామన్నవాడే దొంగ. కాబట్టి ఎవరూ అనలేదు. పైగా తమ వైద్యం మహిమ కళ్లారా చూడాలని ముగ్గురూ కారెక్కి కూర్చున్నారు.

క్లచ్ వదిలీ వదలకముందే కారు పలుపు తెంపుకున్న కోడెలా దూకింది. యాక్సిలరేటర్ మీద కాలు పెట్టే పనే పడలేదు. స్పీడ్ బ్రేకర్ దగ్గర ఆవిడ బ్రేకు తొక్కినా సరే నాలుగు తలలూ పైకప్పుకు కొట్టుకున్నాయి. “ఆగలేదు!” అని ముగ్గురూ మాడు రుద్దుకుంటూ ఆనందంగా అరిచారు. ఎర్రలైటు దగ్గర ఆపితే ఇంజిన్ పెట్టే కేకలకు ముందున్న స్కూటరతను వెనక్కి తిరిగి దండం పెట్టి పక్కకు తప్పుకున్నాడు.

“ఏంటమ్మా ఆ రేజింగు? పందెమా?” అని కసిరాడు ట్రాఫిక్ కానిస్టేబుల్.

“బండి కండిషనండీ!” అన్నారు బావగారు వెనక సీట్లోంచి గర్వంగా.

దారి పొడుగునా ఆ కారును అదుపులో పెట్టింది మొగుడు ఆడిపోసుకున్న ఎడమకాలే. అది క్షణం ఆలస్యం చేస్తే ఎదుటివాడి డిక్కీలో తేలేవాళ్లు. ఎక్కడ నొక్కాలో అక్కడ నొక్కి, వెంట్రుకవాసి వదిలి, మళ్లీ నొక్కి, మార్కెట్ రద్దీలోంచి కారును ఎవరికీ తగలకుండా లాక్కొచ్చింది. ఆ సంగతి ముగ్గురిలో ఒక్కరూ గమనించలేదు. కాలు ఎలా వాడాలో మొగుడు చెబుతూనే ఉన్నాడు.

పరీక్ష మైదానంలో ముగ్గురినీ దింపేసి బ్రేక్ ఇన్‌స్పెక్టరు పక్క సీట్లోకి ఎక్కాడు. పేపరు తెరిచి, “పోనియ్,” అన్నాడు. ఆవిడ పోనిచ్చింది. కర్రల మధ్య వంకర్లు తిరిగింది, వెనక్కి నడిపింది. అందరూ చతికిలబడేది దిబ్బ మీద. ఎత్తు మధ్యలో ఆపాలి, వెనక్కి జారకుండా, ఇంజిన్ ఆగకుండా మళ్లీ ఎక్కించాలి. ఆ పూట అక్కడ ఇంజిన్ చంపుకున్నవాళ్లంతా గోడ పక్కన మొహాలు వేలాడేసుకుని నిలబడ్డారు. డాక్టరమ్మ దిబ్బ మధ్యలో ఆపింది. ప్రాణం గుప్పెట్లో పెట్టుకుని క్లచ్ కాస్త వదిలి, బ్రేకు వదిలేసింది. కారు అరుచుకుంటూ మెట్టెక్కినంత సునాయాసంగా ఎక్కేసింది. గోడ పక్కవాళ్లు నోళ్లు వెళ్లబెట్టారు.

తిరిగొచ్చి గీత మీద ఆపింది. ఇన్‌స్పెక్టరు పేపరు తిప్పుతూ, “ఇక కాలు తియ్యమ్మా, ఆ మోతకు ఒక్క ముక్క తలకెక్కట్లేదు,” అని విసుక్కున్నాడు.

“ఎప్పుడో తీసేశానండీ.”

“తీస్తే అరుస్తుందేం?”

“నా కాలు బ్రేకు మీదుందండీ. మీరే చూడండి.”

ఇన్‌స్పెక్టరు వంగి చూశాడు. ఆయన పరీక్ష మధ్యలో పేపరు మడవడం ఆ మైదానంలో ఎవరూ చూసి ఉండరు. మడిచి, ఇంజిన్ ఆపి, దిగి బానెట్ ఎత్తాడు.

“ఈ బోల్టు మీద చెయ్యి పెట్టిందెవరు?”

పరుగెత్తుకొచ్చిన ముగ్గురూ ఆ గొంతు వినగానే తలో అడుగు వెనక్కి వేశారు.

“నాకసలు బానెట్ ఎత్తడమే రాదండీ,” అన్నాడు మొగుడు.

“నేను జనరేటర్ల మనిషిని బాబూ,” అన్నారు బావగారు.

“నేను హెల్మెట్ కూడా తియ్యలేదు సార్,” అన్నాడు మెకానిక్.

డాక్టరమ్మకు కళ్లలో నీళ్లు తిరిగాయి. ఉద్యోగం పోయింది, ఆ కుర్రాడి పాలైంది. ఇక దాచి ఏం లాభమనుకుంది. “నేనేనండీ. తగ్గించినప్పుడల్లా ఆగిపోతోందని అర చుట్టు తిప్పాను,” అంది.

“అర చుట్టుకు ఇంత రాదమ్మా. దీన్నెవరో పిప్పి చేసి వదిలారు.” ఇన్‌స్పెక్టరు మళ్లీ వంగి చూశాడు. “అయినా జబ్బు మాత్రం సరిగ్గా పట్టావు. ఐడ్లింగ్ పడిపోతే ఇంతే, తగ్గించగానే ఆగుతుంది. అది కనిపెట్టడానికి బుర్ర ఉండాలి.”

బుర్ర అన్న మాట చెవిన పడడమే ఆలస్యం.

“నేనూ ఒక చుట్టు తిప్పానండీ!” అని మొగుడు ముందుకు దూకాడు.

“సార్‌ది అసలు తిప్పడమే కాదు, అసలు లెక్క ప్రకారం తిప్పింది నేను!” అన్నాడు మెకానిక్ హెల్మెట్ తీసేసి.

“ఛ, ఊరుకోండెహె!” బావగారు ఇద్దర్నీ చెరోపక్కకి నెట్టారు. “మీరంతా ఇవాళ చూశారు దాని మొహం. ఆ బోల్టు సంగతి నాకెప్పట్నుంచి తెలుసనుకున్నారు? పోయిన నెల డీజిలు ఆదా అవుతుందని దాన్ని బాగా తగ్గించి పెట్టిందెవరు మరి? నేనే!”

అందరూ ఆయన వంక తిరిగారు. తానేమన్నారో బావగారి చెవులకు కాస్త ఆలస్యంగా చేరింది. చేరగానే వంచిన తల ఎత్తకుండా చొక్కా మీది డీజిలు మరక గోక్కోవడం మొదలుపెట్టారు.

“రోగం అంటించింది మీరా బావగారూ?” డాక్టరమ్మ ఆయన ఎదురుగా వచ్చి నిలబడింది. “అంటించి, తెచ్చిచ్చి, మళ్లీ గాలి పట్టిందని నా దుప్పటి పాడుచేశారా? ఈయనేమో పదిమందిలో నా కాలు నాకు స్వాధీనం లేదన్నాడు. అయ్యా, మీ ముగ్గురికీ ఒక్క దండం.”

ఇన్‌స్పెక్టరు ముగ్గురి వంకా ఎగాదిగా చూశాడు.

“ఈ కారును, వీళ్లని ఎక్కించుకుని, ఊరి మధ్యలోంచి నువ్వే నడుపుకొచ్చావా?”

“అవునండీ.”

“ఎవర్నీ గుద్దకుండానే?”

“అవునండీ.”

ఆయన ఇంకేమీ అడగలేదు. కాగితం మీద సంతకం గీకి కౌంటరు వైపు చెయ్యి చూపించాడు. “బోల్టు సరిచేసుకుని వెళ్లు తల్లీ. వీళ్లెవర్నీ మాత్రం దాని దరిదాపులకు రానివ్వకు.”

లైసెన్సు చేతికందాక ఆవిడ దాన్ని ఇటు తిప్పి అటు తిప్పి చూసుకుంది. ఫొటోలో మొహం దొంగమొహంలా ఉన్నా ముద్దొచ్చింది. తిరిగొచ్చి, వాదనలో మునిగిన మెకానిక్ అలవాటుకొద్దీ జేబులో వేసుకున్న తన పానాను మెల్లగా లాగి, ఈసారి ఇంజిన్ నడుస్తుండగానే, అరుపులు తగ్గి నిలకడ వచ్చేదాకా బోల్టు కొంచెం కొంచెంగా వెనక్కి తిప్పింది. మైదానంలో ఒక చుట్టు వేసి, తగ్గించి, ఆపి చూసింది. ఇంజిన్ బుద్ధిగా నడుస్తూనే ఉంది. పన్నెండుకింకా టైముంది.

ఇదేదీ ముగ్గురి కంటా పడలేదు. కారు నిలబెట్టిన చోటికి వీపులు తిప్పి వాళ్లు తీవ్రంగా వాదించుకుంటున్నారు. తగ్గించినవాడు ఉన్నందుకే పెంచడానికి అవకాశం దొరికిందని బావగారు. అందరూ తిప్పిన చుట్లలో పనిచేసింది తన చుట్టేనని మొగుడు. తను తిప్పకపోతే మేడం ఆ దిబ్బ ఎక్కేదే కాదని మెకానిక్. ఆవిడ ఏవండీ అని పిలవబోయి మానుకుంది. గేరు వేసి, ఎడమకాలు మెల్లగా వదిలి, గేటు వైపు పోనిచ్చింది. క్లినిక్ ఎంతో దూరం లేదు.

గేటు దాటుతూ అద్దంలోకి చూస్తే, మెకానిక్ ఆ బోల్టును చూపించడానికి గబుక్కున వెనక్కి తిరిగి వేలు చాచాడు. వేలు ఖాళీ నేల మీదికి పోయింది. ముగ్గురూ అటొకసారి చూసి, మళ్లీ మొదలుపెట్టారు. కారు లేనందువల్ల ఆ వాదనకు వచ్చిన లోటేమీ లేదు, ఉన్నప్పుడు మాత్రం దాన్ని చూసి ఎవరు మాట్లాడారు గనక!